అత్తగారి పాత నిబంధన

మా అత్తగారి వంటింట్లో ఏదీ పారేయడమన్నది లేదు. నిన్నటి పప్పు ఇవాళ పప్పుచారవుతుంది. అదీ మిగిలితే పిండిలో కలిసి రేపు అట్టవుతుంది. వంకాయ కూర మిగిలితే చింతపండూ పచ్చిమిర్చీ వేసి నూరి పచ్చడి చేసేస్తారు. మిగిలిన అన్నం రాత్రి మజ్జిగలో మునిగి పొద్దున్న ఉల్లిపాయతో లేస్తుంది. అప్పటికీ ఎవరూ తినకపోతే జీలకర్ర కలుపుకుని డాబా మీద వడియాలుగా ఎండుతుంది. మా వీధిలోకి ఇంకా ఫ్రిజ్ అడుగుపెట్టని రోజులవి. బందరు కోడలిగా వచ్చిన కొత్తలోనే నాకు అర్థమైంది, ఈ ఇంట్లో కూరలకి చావు లేదు, రూపాంతరమే ఉందని.

అయితే వచ్చినవాళ్ల ముందు "నిన్నటిదుంది, వేడి చెయ్యనా?" అని అరవలేం కదా. అందుకని ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే మా మావయ్యగారు ఒక గుర్తు పెట్టారు. మా వేదగ్రంథం బైబిల్లో ఉన్నవి రెండు భాగాలు, పాత నిబంధన, కొత్త నిబంధన. నిన్నటి గిన్నె పాత నిబంధన, ఇవాళ్టి గిన్నె కొత్త నిబంధన. ఆయన దాన్ని వేళాకోళానికి అనలేదు. "కొత్తది వచ్చి పాతదాన్ని కొట్టెయ్యలేదమ్మాయ్, నెరవేర్చింది. నిన్నటి పప్పు ఇవాళ్టి చారులో నెరవేరడం లేదూ?" అనేవారు. నాకిప్పటికీ ఆ మాటలో తప్పు కనబడదు.

మా చర్చి సంఘంలో ఈస్టరుకి అందరూ కలిసి తినే ప్రేమ విందు ఉంటుంది. ఏటా గుడివాడ నుంచి వంట మేస్త్రి వచ్చి వండేవాడు. విందయ్యాక చర్చి గోడ పక్క కాలవలో అన్నం తెల్లగా తేలేది. అది చూసి అత్తగారు పండగ పూటా కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఒక ఏడు పండగ నెలరోజులుందనగా ఆరాధన అయ్యాక లేచి, "ఈసారి వంట మా ఆడవాళ్లకివ్వండి. ఒక్క మెతుకు కాలవలోకి పోనివ్వను" అని అడిగేశారు.

సంఘపెద్ద వరసకి ఆవిడకి తమ్ముడు. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేయించి అమ్ముతాడు. మా ఇంటి గుట్టంతా తెలిసినవాడు.

"అక్కా, నీ చేతికిస్తే శుక్రవారం కూర ఆదివారం వడ్డిస్తావు. అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా మర్నాటికి దాచుకున్నవాళ్లకి ఏమైంది? పురుగు పట్టి కంపు కొట్టలేదూ?"

"ఐదు రొట్టెలూ రెండు చేపలూ ఐదువేలమందికి పెట్టాక ప్రభువు మిగిలిన ముక్కలు ఎత్తించలేదట్రా? పన్నెండు గంపలు దేనికి మరి, మళ్లీ చేపలకెయ్యడానికా?"

"ఎన్ని చెప్పు, పాతదాన్ని కొత్తదంటావు నువ్వు!"

"నువ్వు పాత గొలుసుకి పూత పూస్తే కొత్తదీ, నేను పాత కూరకి పోపు పెడితే పాతదీనా?"

అందరూ నవ్వారు. నవ్వనిది మా అయ్యగారొక్కరే. అంటే మా పాస్టరుగారు. బంటుమిల్లి నుంచి కొత్తగా వచ్చారు. "ఆలోచించి చెబుతానమ్మా" అన్నారు. ఆయన మాటే ఆఖరు మాట.

ఆ శనివారం పొద్దున్నే ఆయన చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చి వసారాలో మావయ్యగారి పక్కన కూర్చున్నారు. అత్తగారు వంటింట్లోకి పరిగెత్తారు. తన వంట పరీక్ష చెయ్యడానికే వచ్చారనుకున్నారు. పొయ్యి మీంచి అప్పుడే దించిన సొరకాయ ఎండురొయ్యల కూర ఉంది. దాని పక్కనే నిన్నటి గిన్నెలూ ఉన్నాయి.

"అమ్మాయ్, పాత నిబంధన మూసెయ్! ఆయన కంటబడిందంటే మన పని అయిపోయినట్టే. కొత్త నిబంధన ఒక్కటే తియ్" అన్నారు నాతో, గుసగుసగా. గుసగుస అని ఆవిడ అనుకున్నారంతే. దివిసీమ కోడూరు సముద్రపు గాలిలో కేకలేసి పెరిగిన గొంతు అది.

వసారాలో అయ్యగారు నిటారుగా కూర్చున్నారు. పాత నిబంధన మనకిక అక్కర్లేదని బోధించే గుంపొకటి బంటుమిల్లిలో ఆయన సంఘాన్ని నిలువునా చీల్చిందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

"అమ్మా, ఈ ఇంట్లో పాత నిబంధన మూసేస్తారా?"

మా గిన్నెల గుర్తు సంగతి తమ్ముడే ఆయన చెవిన వేశాడనుకున్నారు అత్తగారు. వెనక నిలబడ్డ నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. గుమ్మంలోకి వచ్చి తలవంచుకుని, "మూత పెట్టకపోతే ఈగలు వాలతాయండి" అన్నారు.

"అసలు తీస్తారా?"

"రోజూ పొద్దున్నే తీస్తామండి. కాకపోతే ఎండాకాలం మధ్యాహ్నం దాటితే పనికిరాదండి."

"పనికిరాదా!"

"వాసనొస్తుంది కదండీ. కాస్త పులుపు తగిలిస్తే సాయంత్రం దాకా లాగించొచ్చు."

"ఎవరు నేర్పారమ్మా మీకిది?"

"మా అమ్మండి. దివిసీమలో అందరూ ఇంతేనండి."

దివిసీమంతా చెయ్యి జారిపోయిందనుకుని అయ్యగారు కళ్లు మూసుకున్నారు. చెవుడున్న మావయ్యగారు ప్రార్థన మొదలైందనుకుని తానూ మూసుకున్నారు.

"పిల్లలకైనా అందనివ్వరా?"

"పసివాళ్లకి అరగదండి. మరీ మిగిలితే కోళ్లకి వేస్తాం."

"కోళ్లకా!" అయ్యగారు లేచి నిలబడ్డారు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. "తీసుకురండి. ఏ స్థితిలో ఉందో నా కళ్లతో చూడాలి."

అత్తగారు చద్దన్నం, వంకాయ పచ్చడి, మొన్నటి పప్పు కలిపి పోసిన అట్టూ తెచ్చి ఆయన ముందు పెట్టారు. "ఇదేనండి. ఏదీ దాచలేదు. ప్రేమ విందు ఇస్తారో మానేస్తారో ఇంక మీ ఇష్టం" అని చెంగుతో కళ్లొత్తుకున్నారు.

అయ్యగారు గిన్నెల వంక చూశారు. గిన్నెల వెనక్కీ చూశారు. "పుస్తకమేదమ్మా?"

"పుస్తకం దేనికండీ, చిన్నప్పట్నుంచీ చేస్తున్నాను, అంతా నోటికొచ్చు."

అప్పటికి నాకు వెలిగింది. మావయ్యగారు పెట్టిన గుర్తు సంగతి చెప్పేశాను. అయ్యగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నారు. తర్వాత కూర్చుని ప్రార్థన చేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ చద్దన్నం అడుగంటా తిన్నారు. అట్టు పచ్చడితో నంజుకున్నారు.

"కొత్త నిబంధన కూడా వడ్డించనాండీ?" అన్నారు అత్తగారు భయంభయంగా.

"ఉండనివ్వండమ్మా, రేపు నెరవేరుతుంది" అన్నారాయన. గుమ్మం దాటుతూ, "విందు వంట మీరే చెయ్యండి" అని వెళ్లారు.

ఈస్టరు నాడు గోంగూర పప్పు, దోసకాయ కూర, మజ్జిగ పులుసు వండాం. సంఘపెద్దే మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. కాలవలో ఒక్క మెతుకు తేలలేదు. అందరూ మెచ్చుకుంటుంటే అత్తగారు మాత్రం ఖాళీ గుండిగల మధ్య దిగాలుగా కూర్చున్నారు.

"ఏమైందత్తయ్యా?"

"ఐదువేలమందికి పెడితే గంపలు గంపలు మిగిలాయి. మనకి ఒక్క గరిటెడు మిగల్లేదు. నా విశ్వాసం చాల్లేదే అమ్మాయ్."

ఇంకేం చెప్పినా వినేలా లేరు. అట్లకాడ తెచ్చిచ్చాను. గుండిగ అడుగున అంటుకున్న మాడన్నం గీకి గీకి చిన్న గిన్నెకి నింపారు. దాని మీద మూత పెట్టాక గానీ ఆవిడ నోట స్తోత్రం రాలేదు.