కందుల కావలి డబ్బా

నా భార్య పోయిన పదో రోజు, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టాం. వానకు పొలం దారి బురదైంది కాబట్టి, వికారాబాదులో ఇంటి మేడ మీదే పెట్టాం. విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, ఆమెకు ఇష్టమైన కందిపచ్చడి వడ్డించారు. ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు మా అక్క, "కందులు ఎండేసుకునే జాగల్నే పెట్టుండ్రి. గదే దాని జాగ" అంది. నీళ్ల ట్యాంకు వెనక బండలు పరిచిన చోటు అది. అందరికీ అదే సరి అనిపించింది. విస్తరి పెట్టి మెట్ల గదిలోకి జరిగాం. అక్కడినుంచి ట్యాంకు అడ్డం, విస్తరి ఒక అంచు మాత్రమే కనిపించేది.

కాకి వచ్చింది. గోడ మీద వాలి, కిందికి దిగి, రెండు గెంతులు వేసి ఎగిరిపోయింది. అలా మళ్లీ మళ్లీ వచ్చింది, పోయింది. కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాట ఇవ్వాలి.

"నీ బిడ్డను మంచిగ సూసుకుంటం, ముట్టు" అంది అక్క.

మా బావమరిది విస్తరి వైపు చేతులు జోడించాడు. "అక్కా, తంబాకు బంద్ చేస్తనే."

"నీ తంబాకుతోని ఆమెకేం పనయ్యా? జర అక్కరకొచ్చే మాట చెప్పు" అని అక్క కసిరింది. తర్వాత నా వైపు తిరిగింది. "తమ్మీ, నువ్వు చెప్పు. ఏమున్నా నీ మీదనే ఉంటది."

ఏం మాట ఇవ్వాలో నాకు తోచలేదు. "ఏమన్న తప్పు చేసుంటే మాఫ్ చెయ్" అన్నాను. కాకి ఇక రాలేదు. చివరికి కోడికూర తీసేసి అన్నం ఆవుకు పెట్టారు. నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ భోజనాల దగ్గరికి నేను వెళ్లగానే ఆడవాళ్ల మాటలు ఆగాయి.

కాకులు చెప్పేవి నేను నమ్మను. అయినా ఆ రోజు నుంచి ఆమె నాతో చివరి సంవత్సరంలో అన్న మాటలన్నీ వెతుక్కుంటూ ఉన్నాను. నా మీద మనసు కష్టపెట్టుకునే పోయిందా? ఎవరినీ అడిగే వీల్లేని ప్రశ్న అది.

చుట్టాలు వెళ్లిపోయాక ఒకరోజు ఫోన్‌లో వైఫై పేర్లు చూస్తుంటే కొత్తది కనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన పేరు. మాది కాదు. పక్కింటివాళ్లను అడిగితే వాళ్లదీ కాదన్నారు. మెట్లెక్కేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు పెరిగాయి. ఇంట్లో ఎవరో దొంగచాటుగా ఏదో పెట్టారనుకున్నాను. పదిరోజులు ఎందరో వచ్చి పోయారు, ఎవరిని అనుమానించాలో తెలియలేదు.

ట్యాంకు కింద ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా దొరికింది. మూతకు చిల్లు పెట్టి, అందులోంచి తెల్లటి బుడిపె ఒకటి బయటికి తీశారు. లోపల రెండు వేళ్ల వెడల్పు బోర్డు, దాని మీద రేకు మూత, ఒక ఎర్రదీపం. ఒక తీగ మెట్ల గదిలోని ప్లగ్గుకు వెళ్తోంది. ఇంకొకటి ట్యాంకు వెనక చిన్న మోటారుకు. మోటారుకు పుల్ల, పుల్లకు పాత సీడీ ముక్కలు. నేను చెయ్యి చాపగానే పుల్ల ఒక్కసారి ఊగింది. ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. కాసేపాగి మళ్లీ చాపాను. మళ్లీ ఊగింది.

ఆమె కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరైంది. ఇంట్లో ఏవో తీగలు, బోర్డులు అతికిస్తూ ఉండేది. అది కందుల మీద వాలే పిట్టల కోసం పెట్టిన కావలి అని అర్థమైంది. విస్తరి పెట్టింది సరిగ్గా దాని ముందే; పెట్టేటప్పుడు ఊగినా గాలికి అనుకొని ఉంటారు. కానీ ఆ రోజు అది నిజంగా ఊగిందా? మనసుకు కావలసిన సమాధానం ఇంత సులభంగా దొరికితే నాకు నమ్మబుద్ధి కాదు.

డబ్బా అడుగున తాండూరు షాపు చీటీ ఉంది. మర్నాడు రైల్లో వెళ్లాను. బండలు పాలిష్ చేసే మిషన్లకు స్టార్టర్లు బాగుచేసే షాపు అది. లోపల అన్నిటి మీదా తెల్లటి రాతి దుమ్ము. షాపతను డబ్బా తెరిచి చూశాడు.

"మేడం చేతిపని సార్. ఇంత సాఫ్‌గ నేను గూడ అతికియ్యలేను."

ఆమె పోయిన సంగతి అతనికి తెలియదు. చెప్పాను. డబ్బా మూత మీద పడ్డ దుమ్ము తుడిచాడు. నెలకు రెండుసార్లు వచ్చేదని తర్వాత చెప్పాడు. నాతో బిడ్డ ఇంటికి పోతున్నానని మాత్రమే అనేది.

"ఎంతసేపు కూసునేది? ఏం మాట్లాడేది?"

"పోలీసోళ్ల లెక్క అడుగుతున్నరేంది సార్" అంటూనే బోర్డుకు తీగ పెట్టి, తన ఫోన్ దానికి కలిపాడు.

"ఇది ఎవరికి చెప్తది?"

"ఎవ్వరికి చెప్పదు. తన వైఫై తనే ఇడుస్తది. దగ్గరికొచ్చి అడిగినోళ్లకే చూపిస్తది. గీ బిళ్ల గడియారం. పుల్ల ఊగినప్పుడల్లా టైం రాసుకుంటది."

ఫోన్‌లో టైముల పట్టీ ఒకటి వచ్చింది. పదో రోజు పొద్దున, మేము మెట్ల గదిలో నిలబడిన ఆ అరగంటలో, తొమ్మిదిసార్లు ఊగింది. రెండుసార్లు చదివాను. అక్కడితో లేచి రావలసింది.

"నా గురించి ఏమన్న అనేదా?"

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఏమనుకోవద్దు సార్. 'ఇది ఎట్ల ఆడుతదో జర సూడమంటే, రేపు సూస్త అంటడు మా సారు, గా రేపు ఎన్నడొస్తదో' అని మేడం నవ్వేది."

"నవ్వేదా?"

"మొదట్ల నవ్వేది. తర్వాత మీ ముచ్చటే తియ్యలే."

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేసి యంత్రం సంగతి చెప్పాను.

"అయ్యో, దాని జాగల పెట్టుమన్నది నేనే గదా!" అంది. "అయితే దానికి ఏ కోరికా లేకుండె. మంచిగనే పోయింది తమ్మీ. ఫికర్ చెయ్యకు."

సరే అన్నాను. ఆ 'రేపు' సంగతి మాత్రం చెప్పలేదు. లోపలికి తిరిగి వెళ్లి, బోర్డును అతని ముందుకు జరిపాను.

"ఇది ఎట్ల ఆడుతదో మొదటినుంచి చెప్పుండ్రి."

"ఇప్పుడా సార్? కరెంటు పోయే టైమైంది."

"పోయేదాక చెప్పుండ్రి" అని కూర్చున్నాను.