తాళం వేసి ఉంటే?

నాంచారయ్య గారికి పాములంటే భయం లేదు, తుఫానంటే భయం లేదు, వాళ్లావిడంటే కూడా చెప్పుకోదగ్గ భయం లేదు. ఉన్న భయమల్లా ఒక్కటే. ఎక్కడో ఎవరో మా వెబ్‌సైటు చూసుకుని, ఎండనపడి ఒక కొట్టు దాకా వచ్చి, తలుపుకి తాళం చూసి తిరిగి వెళ్లిపోతారేమోనని.

వెబ్‌సైటు నాది. పేరు ‘దగ్గరలో’. బందరు, గుడివాడ, దివిసీమల్లో ఉన్న కొట్లు, మెకానిక్కులు, టైలర్లు అందరినీ ఒకచోట చేర్చి, మీరు నిలబడ్డ చోటికి ఎవరు దగ్గరో వాళ్లని ముందు చూపిస్తుంది. మ్యాపులో ఒక్కొక్కరికి ఒక ఎర్ర చుక్క. ఉన్న ఉద్యోగం మానేసి మరీ మొదలుపెట్టాను. వివరాలు సేకరించడానికి టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా రిటైరైన నాంచారయ్య గారిని పెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదు కనక తెలియని గుమ్మం ఉండదనుకున్నాను. నిజంగానే లేదు. ఆయన నమ్మే గుమ్మం కూడా ఒక్కటి లేదని తర్వాత తెలిసింది.

నిన్న ఉన్న కొట్టు ఇవాళ ఉంటుందంటే ఆయన ఒప్పుకోరు. పొద్దున్నే వరసగా ఫోన్లు మొదలుపెడతారు. చల్లపల్లి పిండిమర ఆయనతో జరిగిన సంభాషణ నా చెవులతో విన్నాను.

“ఉన్నారాండీ?”

“ఉన్నానండీ. నిన్నా ఉన్నాను. మా నాన్న కూడా ఇక్కడే ఉండేవాడు.”

“రేపు?”

పిండిమర ఆయన ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, తన పేరు తీసేస్తే పుణ్యముంటుందన్నాడు. ఆయన్ని బతిమాలి ఒప్పించి, ఎందుకింత చాదస్తమని నాంచారయ్య గారిని అడిగాను. “తాళం వేసి ఉంటే?” అన్నారు. వెంటనే తర్వాతి నంబరు నొక్కారు.

పోనీ చాదస్తమని కొట్టిపారేద్దామా అంటే, మధ్యమధ్య ఆయన భయమే నిజమవుతుంది. నాగాయలంకలో నిలబడి మోటారు మెకానిక్ కోసం వెతికితే, మా వెబ్‌సైటు ఎదురుమొండిలో ఉన్న మనిషిని చూపించి పక్కనే అంది. పక్కనే, కాకపోతే మధ్యలో కృష్ణ ఉంది. పంటు ఎక్కి అవతలికి దాటాలి. ఆ ఏరు నేను రాసిన లెక్కలో లేదు. నాంచారయ్య గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎవరైనా మోటారు భుజాన వేసుకుని నీళ్లలోకి దిగిపోతారేమోనని బెంగ. చివరికి ఆ మెకానిక్ పేరు కింద తనే టైపు చేశారు: ‘మధ్యలో ఏరు ఉంది. పంటు వచ్చేదాకా గట్టు మీద కూర్చోవలెను.’

ఆయనకీ నాకూ పెద్ద గొడవ ఒక్కసారే జరిగింది. కొట్టు లేనివాళ్లని కూడా చేర్చుకుందామన్నారాయన. కుదరదన్నాను. చిరునామా లేని మనిషికి చుక్క ఎక్కడ పెట్టను? సరేనమ్మా అని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇంతలో గుడివాడ వర్తకుల సంఘం నుంచి పిలుపొచ్చింది. ఆదివారం వచ్చి వెబ్‌సైటు చూపించమన్నారు. నచ్చితే సభ్యులందరూ చేరతారు. నచ్చకపోతే నేను దుకాణం కట్టేసి, మానేసిన ఉద్యోగం మళ్లీ అడుక్కోవాలి. మూడో దారి లేదు.

సరిగ్గా శుక్రవారం నాడు ఒక చుక్క నడవడం మొదలుపెట్టింది. ‘పోలమ్మ, ఎండు చేపలు, గిలకలదిండి’ అని ఉన్న చుక్క పొద్దున బందరు రేవు దగ్గర ఉంది. తొమ్మిదికి పెడనలో ఉంది. పదకొండుకి గుడ్లవల్లేరులో తేలింది. మధ్యాహ్నానికి గుడివాడలో ఉంది. ఒక్క కొట్టు కదిలిందంటే మిగతావీ కదులుతాయి. రెండు రోజులు తిండి మానేసి కోడంతా తిరగేశాను. తప్పు దొరకలేదు. వెబ్‌సైటుకి ఉన్నది ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డు. అది నాకూ నాంచారయ్య గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన్ని అడిగితే ఫోన్ చేసి కనుక్కుంటానంటూ వరండాలోకి వెళ్లిపోయారు.

ఆదివారం సంఘం హాల్లో నలభై మంది కూర్చున్నారు. అధ్యక్షుడు పూర్ణచంద్రరావు గారిది మూడంతస్తుల కిరాణా కొట్టు. నేను మాట్లాడుతున్నంతసేపూ నాంచారయ్య గారు బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడి వస్తూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

పూర్ణచంద్రరావు గారు తన ఫోను తీసి ఏం వెతకమంటారని సభని అడిగారు. వెనక నుంచి ఎవరో ఎండు చేపలన్నారు. ఆయన శాకాహారి. మొహం చిట్లించుకునే టైపు చేశారు. మొదటి పేరు పోలమ్మ. దూరం నూట యాభై మీటర్లు.

తప్పు జరిగిందని చెప్పేద్దామనుకునేలోపే ఆయన ఫోను నా వైపు తిప్పారు.

“నేను పుట్టి పెరిగిన వీధమ్మా ఇది. ఇక్కడ ఎండు చేపల కొట్టు లేదు,” అన్నారాయన. “పదండి, చూసొద్దాం. అక్కడ లేకపోతే మాకిది అక్కర్లేదు.”

అందరూ లేచారు. ముందు ఆయన, వెనక సంఘం, ఆ వెనక నేను. నాంచారయ్య గారు మాత్రం అందరినీ దాటుకుని ఫోను చెవిన పెట్టుకుని పరుగెడుతున్నారు. “లెగవాకు. నీడున్నా లేకపోయినా ఆడే కూకో,” అనడం నాకు వినబడింది. అప్పుడు అర్థమైంది నాకు. కోడ్‌లో వెతికితే దొరికే తప్పు కాదిది.

మలుపు తిరిగితే, ఏటీఎం మెట్ల పక్కన గంప ముందు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు బేరమాడుతున్నారు. ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి.

“చుక్కని జరిపేది మీరా బాబాయ్ గారూ?”

“ఆవిడకి మోకాళ్లు పోయినయ్యమ్మా,” అన్నారు నాంచారయ్య గారు నేలచూపులు చూస్తూ. “గంప నెత్తినెట్టుకుని వీధివీధీ అరుచుకుంటా తిరగలేకపోతంది. మానేస్తానంది. రైలు దిగి ఒకచోట కూర్చో, నువ్వెక్కడున్నావో జనానికి నేను చెబుతానన్నాను. గంటకోసారి ఫోన్ చేసి కనుక్కుని జరుపుతన్నాను.”

“నేను రెండు రోజులు తిండి మానేశాను. నాకు చెప్పొచ్చు కదా?”

“చెబితే తీసేస్తావని భయమేసింది.”

తీసేసేదాన్నే. అందుకే నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

పూర్ణచంద్రరావు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గంపనీ ఫోనునీ మార్చి మార్చి చూశారు. “ఊళ్లు తిరిగే మనిషినే గురి తప్పకుండా పట్టుకున్నారు. కదలని కొట్లు మావి, మావెక్కడికి పోతాయి?” అన్నారు. సంఘం మొత్తం చేరుతున్నట్టు అక్కడే చెప్పి, రుమాలు తీయకుండానే వెనక్కి నడిచారు. నేను ఏటీఎం మెట్ల మీద కూలబడ్డాను. రెండు రోజుల ఆకలి ఒక్కసారిగా తెలిసింది.

పోలమ్మ నా వైపు జరిగింది. ఆవిడ దగ్గరున్నది బొత్తాల ఫోను. ఆవిడ చుక్కని ఆవిడ ఇంతవరకూ చూడనే లేదు.

“నన్నేదో అందులో ఎట్టారంట గదమ్మా, ఎట్టా ఉంటదో చూపిచ్చు.”

చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత వీధి చివర మూడంతస్తుల కొట్టు వైపు చెయ్యెత్తింది.

“మరి ఆ మేడోళ్లదేదీ?”

అప్పటికప్పుడు ఆ కొట్టుకీ ఒక చుక్క పెట్టి చూపించాను. ఆవిడ ఒక చుక్క మీదా ఇంకో చుక్క మీదా వేలు పెట్టి కొలుచుకుంది.

“ఆళ్లదీ ఇంతేనా?”

“ఇంతే.”

పోలమ్మ చీర కొంగు సర్దుకుని, గంప వెనక నిటారుగా కూర్చుంది.