పేరు రాయని ఫారం మీద సంతకం

పన్నెండేళ్లు బడిపిల్లలను తిప్పిన నా వ్యానును, చూపు తగ్గడంతో, రోగులను ఆసుపత్రికి చేరవేసే ఒక ట్రస్టుకు దానం చేద్దామనుకున్నాను. ఈ రోజు పొద్దున ఆ ట్రస్టు మనిషి కామాటిపురలో వరుస గదుల మా చాల్‌కు వచ్చాడు. నాకు శాలువా కప్పి, వ్యాను పక్కన ఫోటో దిగాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాక, బండి బదిలీ ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. తీసుకునేవారి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“ఈడ మీ ట్రస్టు పేరు రాయి,” అన్నాను.

“అది తర్వాత రాసుకుంటం కాకా. దానమిచ్చినంక బండి ఎవరి పేరు మీదుంటే నీకేంది?”

“రేపు అది ఎవరినన్న గుద్దితే పోలీసులు నా ఖోలీ తలుపే కొడ్తరు. పేరు రాయి, లేకుంటే చావి ఇయ్యి.”

“దానం చేసే మొగమేనా ఇది!” అంటూ తాళంచెవి నేల మీద విసిరేశాడు. పోతూ పోతూ నా భుజం మీది శాలువా కూడా లాక్కుని, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఒక్క పిల్లకైనా గోరు గీత పడనివ్వకుండా నడిపిన బండిని పేరు చెప్పని చేతుల్లో ఎలా పెట్టను? వ్యాను ఇంకా గల్లీలోనే ఉంది. తన పేరు తాను రాయడానికి జంకని ట్రస్టు మీకు తెలిస్తే చెప్పండి, బండి నేనే దగ్గరుండి అప్పగిస్తాను.