అనుమతి నొక్కిన వేలు

సముద్రం అడుగున చెన్నై నుంచి ఇంటర్నెట్ కేబుల్ వచ్చిన మరుసటి ఏడాది నన్ను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ప్రజాసేవా కేంద్రానికి సిస్టమ్ సూపర్‌వైజర్‌గా వేశారు. నా ఆఖరి పోస్టింగ్ అది. కంప్యూటర్ రానివాళ్లకు ఓడ టికెట్లు, దరఖాస్తులు మేమే చేసిపెట్టేవాళ్లం. కౌంటర్ మీద అందరికీ ఒకటే కంప్యూటర్, ఒకటే బ్రౌజర్.

అంతకుముందు ఇవే దీవుల్లో వేరే ఆఫీసులో చేసేటప్పుడు, ఉపగ్రహం లింకు ఉన్న రోజుల్లో పేజీ సగం తెరుచుకునేసరికి లింకు పోయేది, కథ మళ్లీ మొదటికొచ్చేది. అందుకని తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా 'అనుమతించు' నొక్కేసేవాళ్లం. కేబుల్ వచ్చాక కూడా వేలికి ఆ తొందర పోలేదు.

ఒక ఉదయం దగ్గర్లోని బ్రూక్షాబాద్ నుంచి చేపలమ్మే అప్పలనర్సమ్మ వచ్చింది. రొమ్ములో గడ్డ, విశాఖలో ఎక్కడ చూపించుకోవాలో వెతికిపెట్టమంది. సంగతి తేలేదాకా ఇంట్లో తెలియకూడదంది. వెతికిపెట్టాను. మర్నాడు ఆమె బావగారు ఓడ టికెట్ కోసం వచ్చి అదే తెర ముందు కూర్చున్నాడు. పక్కన వరుసగా రొమ్ము గడ్డలకు వైద్యం చేసే ఆసుపత్రుల ప్రకటనలు. మరదలు ముందురోజు ఇక్కడికొచ్చిందని అతనికి తెలుసు. ఇవి ఎవరి కోసమని అడిగాడు. నేను గబుక్కున ఆ పేజీ మూసేశాను. అప్పటికే అతనికి అర్థమైపోయింది.

సాయంత్రానికి ఆమె వచ్చింది. "భయ్యా, మీకొక్కలికే సెప్పినాను. భరోసా పెట్టుకున్నాను. ఈదిలో అందరికీ సెప్పీసినారు గదా!" ఒట్టేసినా నమ్మలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె వెళ్లగానే సెట్టింగులు తీశాను. ఏ సైటుకు ఏం ఒప్పుకున్నామో వరసగా ఉంది. మనం వెతికేది చూసి ప్రకటనలు వెయ్యడంతో సహా అన్నిటికీ అనుమతే, నొక్కిన వేలు నాదే. అయినా నా అనుమానం అక్కడితో ఆగలేదు. ఆ బ్రౌజర్ తయారుచేసినవాళ్లే ప్రకటనలూ అమ్ముకుంటారు. కాపలా కుక్కకు దొంగే కూడు పెడుతుంటే అది ఎవర్ని చూసి మొరుగుతుంది?

వెంటాడే సైట్లను ఆపి, మూయగానే అన్నీ మరిచిపోయే మరో బ్రౌజర్ పెట్టాను. కొన్ని సైట్లు మొరాయించాయి. సైటు తెరుచుకోకపోతే జనం తిడతారని, పాతదే పెట్టమని పై అధికారి అన్నారు. తెరుచుకున్నందుకే తిట్లు తిన్నానని చెప్పి, ఆ ఆర్డరు రాసివ్వమన్నాను. ఇవ్వలేదు, కొత్తదే ఉండిపోయింది.

గడ్డ ప్రమాదమైనది కాదని విశాఖలో తేలింది. అప్పలనర్సమ్మ తిరిగొచ్చాక మళ్లీ ఒక దరఖాస్తు పనిమీద వచ్చింది. ఆవేళ గుట్టు తెలిసింది నా నోటివల్ల కాదు, ప్రకటనలమ్మేవాళ్లు ఈ మిషన్లోంచి చూడటం వల్లనని చెబితే, కూర్చోకుండా అడిగింది.

"ఈ మిషను మన మడిసా, ఆల మడిసా భయ్యా?"

మన మనిషేనన్నాను.

"అయితే తెర ఇటు తిప్పండి. మీరేటి నొక్కుతున్నారో సూత్తాను."

తిప్పాను. ప్రతి ప్రశ్నా చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే నొక్కాను.

బ్రౌజర్ వాడేవాళ్ల పక్షాన ఉండాలి. ఉందని ఎవరు చెప్పినా, చివరికి నేను చెప్పినా, తెర తిప్పి చూపించమనాలి. నా సర్వీసు మొత్తంలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.