ఆమోసు సర్దారు చెవి

మా బాయిలో దేవుణ్ని నమ్మేవాళ్లున్నారు, నమ్మనివాళ్లున్నారు. ఆమోసు సర్దారు చెవిని నమ్మనివాడు మాత్రం ఒక్కడూ లేడు.

బాయి అంటే బొగ్గు గని. గోదావరిఖనిలో గని అనే మాట కాగితాల మీదే ఉంటుంది, మనుషుల నోట్లో అది బాయే. లోపల బ్లాస్టింగు అయి, పొగ పోయాక, ఆ జాగాలో మొదట అడుగు పెట్టేవాడు సర్దారు. ఇనుప పొన్ను తొడిగిన కర్రతో నెత్తిమీది కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే గట్టిది. మొద్దుగా మోగితే లోపల పొర విడిపోయి డొల్లగా ఉన్నట్టు. ఆయన చూసి "రండి" అన్నాకే మేం ఎనిమిది మందిమి లోపలికి పోయి, కప్పుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించాలి. ఆమోసు సర్దారు "రండి" అన్న జాగాలో ఇరవై రెండేళ్లుగా ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

ఆ చెవి ఆయనకు చర్చిలో తయారైంది. వాళ్ల నాయన కూడా బాయి మనిషే. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడట. ఆయన పోయాక పదిహేనేళ్ల ఆమోసు ఆ పెట్టె ముందు కూర్చున్నాడు. ఇప్పుడు ఏభై తొమ్మిది, ఇంకా లేవలేదు. పాడేవాళ్లలో ఎవరి గొంతు వెంట్రుకంత పక్కకు జరిగినా ఆయన కనుబొమ్మ లేస్తుంది. వాళ్లావిడ సుగుణమణి అక్క మాటల్లో చెప్పాలంటే, ఆ ఇంట్లో కుక్కరు కూడా శ్రుతిలో కూయాలి.

ఆ చెవికి మేం ఇంకో డ్యూటీ కూడా వేశాం. బాయి గేటు ఎదురుగా సారక్క చాయ్ హోటల్ ఉంది. ఫస్టు షిఫ్టుకు ముందు అరగంట అక్కడ మా ముగ్గురి కచేరీ నడిచేది: ఆమోసన్న, అంజి, నేను. పాటల పందెం కాదు, పాటలు ఎవడైనా చెప్తాడు. సినిమాలో మాటల వెనకా, ఫైటుల వెనకా, ఏడుపుల వెనకా వచ్చే సంగీతం మాది. అంజి ఫోన్లో ఒక ముక్క పెడతాడు, ఆమోసన్న కళ్లు మూసుకొని అది ఎవరి చేతి పనో చెప్పాలి. అసలు పేర్లు చెప్పుకుంటే పక్క బల్లల మీది అభిమానులు కొట్లాటకు వస్తున్నారని సంగీత దర్శకులకు మేమే పేర్లు పెట్టాం. ఒకాయన డప్పుల సారు. ఒకాయన ఫిడేలు సారు. హీరో పళ్లు తోముకుంటున్నా వెనక నలభై మందితో ఓంకారం పలికించే ఆయన ఓం సారు. ఇంకొకాయన పిల్లనగ్రోవి సారు.

"ఓం సారు మొన్న హీరో లిఫ్టు ఎక్కుతాంటె శంఖం ఊదిపిచ్చిండే," అన్నాడు అంజి ఆ రోజు. "లిఫ్టు ఎక్కుడుకు గంత లొల్లి ఎందుకు? ఆగిపోతదని భయమా?"

"నువ్వు బాయిల దిగుతాంటె ఏం ఊదాలె మరి?" అన్నాను.

"నాకు నాలుగు ఈలలు చాలు. గా ఫిడేలు సారు మాత్రం నా దిక్కు రావద్దు. ఆయన ఫిడేలు మొదలుపెట్టిండంటె ఎవడో ఒకడు సచ్చుడే."

ఆమోసన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సచ్చేటోనికి గా ఫిడేలు ఇనవడదిర. టికెట్ కొన్నోళ్లకే ఇనవడ్తది. గందుకే వాడు సక్కగ పోయి కత్తికి ఎదురువడ్తడు. బాయిల గట్ల కాదు. కప్పు ముందుగాల మనకే చెప్తది. ఇన్నోడు ఇంటికి పోతడు."

జులై ముసురు. సారక్క పొయ్యి దగ్గర రేకుల మీద చినుకులు రాలుతున్నాయి. అంజి ఫోను బల్ల మీద పెట్టి, "అన్నా, కండ్లు మూసుకో. గిది చెప్తివా, వారం దినాలు నీ టిఫిన్ డబ్బా నేనే మోస్త," అన్నాడు.

ఆమోసన్న కళ్లు మూసుకున్నాడు. అంజి మీట నొక్కాడు. పిల్లనగ్రోవి ఒక్కటే, పైస్థాయిలో సన్నగా, వేరే ఏ వాయిద్యమూ లేకుండా. పొయ్యి దగ్గరి సారక్క కూడా ఒక క్షణం గరిటె ఆపింది. అర నిమిషం గడిచింది. ఫోను ఆమోసన్న చెవికి మూరెడు దూరంలో ఉంది.

"పెట్టవేందిర? చార్జింగు లేదా?" అన్నాడు ఆమోసన్న, కళ్లు తెరవకుండానే.

అంజి నవ్విన నవ్వుకు చాయ్ ప్యాంటు మీద ఒలికింది. "సారక్కా, ఇన్నవా? పిల్లనగ్రోవి సారు ఇజ్జత్ తీసిండు అన్న. గది సంగీతమే కాదంటుండు." పక్క బల్ల వాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమోసన్న కళ్లు తెరిచాడు. నవ్వుతున్న మమ్మల్ని చూశాడు, బల్ల మీది ఫోనును చూశాడు. తెర మీద పాట నడుస్తున్న గీత కదులుతోంది. ఆయన ముఖంలో, మెట్టు ఉందనుకొని కాలు వేసినవాడి బెదురు ఒకటి కనిపించింది. తర్వాతే ఆయన నవ్వాడు. "మరేంది. గదొక సంగీతమా," అన్నాడు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మొన్న ఈస్టరుకు వాళ్లింటికి భోజనానికి పోతే, హార్మోనియం మీద కుడివైపు చివరన సన్నగా పలికే మెట్ల జోలికి ఆయన ఒక్కసారి కూడా పోలేదు. పాతకాలపు పద్ధతి అనుకున్నాం. నాలుగు నెలల నుంచి లోపల పది బోల్టులు చాలిన చోట పదహారు వేయిస్తున్నాడు. ముసలితనంతో పిరికితనం వచ్చిందని మేమే చాటుగా గొణుక్కున్నాం. ఒకదానికొకటి కలుపుకుంటే, ఆ పిల్లనగ్రోవి ఆయనకు అసలు వినబడనే లేదని తేలింది.

అక్కడే అడగాల్సింది. అడగలేదు. పక్కన అంజి ఉన్నాడు, వాడి నోట్లో నువ్వు గింజ నానదు. సర్దారుకు చెవి లేదన్న మాట ఒక్కసారి పుట్టిందంటే ఎక్కడో ఉన్న గోలేటి బాయిల దాకా పోతుంది. ఆయన రిటైరుమెంటు ఇంకా ఏడాదిన్నర. పైగా నాకంటే పెద్ద, నాకు పని నేర్పినవాడు. ఆ మర్యాదలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను గానీ, ఇంకో గంటలో ఆ చెవి కిందికే మేం ఎనిమిది మందిమి పోతున్నామన్న లెక్క మాత్రం పక్కన పెట్టాను. ఆ రోజు నా మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

షిఫ్టు సైరన్ కూత వేసింది. ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదు గనుక పైనే పెట్టి, బత్తీలు నెత్తికి తగిలించుకొని దిగాం. ఆమోసన్న ముందు, ఆయన వెనక నేను, నా వెనక అంజి. సగం దూరం పోయాక నేను సన్నగా ఈల వేశాను. వెనక నుంచి అంజి, "ఏందిర కిషన్, హీరో లెక్క," అన్నాడు. ముందున్న ఆమోసన్న తల తిప్పలేదు. నాకు భయమేసింది. పంతొమ్మిదేళ్లుగా ఆ దారిలో పోతున్నాను, అంత భయం ఎన్నడూ వేయలేదు.

పని జాగా దగ్గర అందరినీ బోల్టులు వేసిన కప్పు కింద ఆపి, ఆయన ఒక్కడే లోపలికి పోయాడు. నిబంధన ఒప్పుకోకపోయినా నేను నాలుగు అడుగులు వెంట పోయాను. కర్రతో తట్టాడు. ఖంగుమంది. తట్టిన ప్రతిసారీ ఎడమ అరచేతిని కప్పుకు ఆనిస్తున్నాడు. పొర వదులుగా ఉంటే ఆ అదురు చేతికి తెలుస్తుంది. పాత పద్ధతే, అందరికీ నేర్పేదే. కానీ ఈ నాలుగు నెలల్లో ఆయన చెయ్యి పెట్టకుండా ఒక్క దెబ్బ కొట్టలేదని ఆ క్షణమే నాకు వెలిగింది.

"అన్నా," అన్నాను దగ్గరికి పోయి. "పొద్దుగాల ఫోను మోగింది."

బత్తి వెలుగులో ఆయన నా కళ్లను కాదు, పెదవులను చూస్తున్నాడు. "మీరు నవ్వినంక సమజైంది," అన్నాడు.

"ఎన్నటి సంది?"

"ఉగాది ముందటి సంది. సన్న సప్పుడే పోయింది కిషన్. దొడ్డు సప్పుడు మంచిగనే ఇనవడ్తది. డొల్ల కప్పుది దొడ్డు సప్పుడే గద. తట్టిన కాడల్ల చెయ్యి పెడ్తున్న, అనుమానం ఉన్న కాడ బోల్టులు ఎక్కువ ఏపిస్తున్న."

"దవాఖానల చూపిచ్చుకోలేదా?"

"జనవరిల మెడికల్ ఉన్నది. గప్పటిదాక ఎవ్వలకు చెప్పకు." కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. "చర్చిల గిదే చెవి, బాయిల గిదే చెవి, హోటల్ల గూడ గిదే చెవి. గిది పోయిందంటె నేను ఎవ్వన్నిర?"

నేను తల ఊపాను. అది రెండో తప్పు. ఆయన వెనక్కి తిరిగి, "రండి," అన్నాడు.

అందరూ వచ్చారు. అంజి డ్రిల్లు నిలబెడుతూ, పొద్దుటి మాటను మిగతా ఆరుగురికి అప్పుడే పంచుతున్నాడు. "చార్జింగు లేదా అన్నడు. పాపం పిల్లనగ్రోవి సారు ఇంటె గోదాట్ల దుంకుతడు." వాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. నేను బోల్టులు మోస్తూ నవ్వుల సందుల్లో చెవి పెట్టి నిలబడ్డాను.

చిట్‌మంది.

పెనం మీద ఉప్పు కల్లు పేలినట్టు, అంత చిన్నగా. అంజి నెత్తికి కుడివైపు. మళ్లీ చిట్‌మంది, ఈసారి వెంటవెంటనే రెండు. చిటికెడు పొడి రాలి అంజి భుజం మీద పడింది. వాడు చూసుకోలేదు, వాడి ధ్యాసంతా పిల్లనగ్రోవి సారు మీద ఉంది. ఆమోసన్న దానికి మూడు అడుగుల దూరంలోనే, అటే ముఖం పెట్టి, ప్రశాంతంగా బోల్టులు లెక్కపెడుతున్నాడు. సచ్చేటోనికి ఇనవడదు అన్న మాట గుర్తొచ్చింది.

అయినా ఒక్క ఊపిరి సేపు ఆగాను. అరిస్తే అందరి ముందు ఆమోసు సర్దారు చెవి అబద్ధమవుతుంది. అందుకే ఆగాను.

తర్వాత అరిచాను. "ఎనక్కి రాండ్రి. కప్పు మాట్లాడుతాంది."

ఎవరూ కదల్లేదు. ఎనిమిది మందిలో ఒకడు అరిస్తే చాలు, పరుగెత్తాలి. కానీ మా జట్టుకు ఇరవై రెండేళ్ల అలవాటు ఒకటుంది. అందరూ నన్ను కాదు, ఆమోసు సర్దారును చూశారు. "సర్దారే రమ్మన్నడు గదర," అన్నాడు అంజి, డ్రిల్లు వదలకుండా.

ఆమోసన్న నా ముఖం చూశాడు. నేను ఏం విన్నానో ఆయనకు తెలియదు. ఏమీ లేదు, పని చూడండి అన్నా, వాళ్లు ఆయన మాటే వింటారు. ఆయన అందరి వైపు తిరిగాడు.

"నాకు ఇనవడలే," అన్నాడు అందరికీ వినబడేలా. "నాకు సన్న సప్పుడు ఇనవడదిర. నాలుగు నెలలాయె. కిషన్ ఇన్నడు. ఎనక్కి ఎల్లుండ్రి."

అంటూనే అంజి కాలరు పట్టి గుంజాడు. డ్రిల్లు అక్కడే పడిపోయింది. పాత బోల్టుల కిందికి వచ్చి, అందరూ నెత్తి బత్తీలు అటు తిప్పేసరికి, మంచమంత పెచ్చు ఒకటి కప్పు నుంచి విడిపోయి డ్రిల్లు మీద పడింది. నేల అదిరింది. దుమ్ములో ఆమోసన్న బత్తీలు లెక్కపెట్టాడు. తనది కాక ఎనిమిది. ఇంకోసారి లెక్కపెట్టాడు.

ఆయనే దారికి అడ్డం కట్టెలు కట్టి, ఎర్రజెండా పెట్టాడు. అంజి గోడకు ఆనుకొని కూర్చొని, భుజం మీది పొడిని వేలితో తీసి చూసుకుంటున్నాడు. పైకి నడుస్తున్నప్పుడు ఆమోసన్న నా పక్కకు వచ్చాడు.

"ఇనంగనే ఒర్రినవా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాను. "జర ఆగిన అన్నా."

"నా కోసమేనా?"

"ఔ."

"నాలుగు నెలలు నేనాగిన, నువ్వు జర ఆగినవ్. ఇద్దరం ఒక్కటే," అన్నాడు. "ఇంకోసారి ఎవ్వల కోసం ఆగకు."

పైకి రాగానే ఆయన స్నానానికి పోలేదు. బొగ్గు ముఖంతోనే తిన్నగా మేనేజరు గదిలోకి పోయి, చెప్పాల్సిందంతా చెప్పి, పొన్నుకర్ర బల్లకు ఆనించి వచ్చాడు. పరీక్షలయ్యాక ఆయన్ను పైన బత్తీల గదిలో వేశారు. ఇప్పుడు దిగేవాళ్లందరికీ బత్తీ చేతికిచ్చేది ఆయనే. ఇచ్చే ముందు వెలిగించి, ఆర్పి, ఒకటికి రెండుసార్లు చూస్తాడు. క్యూలో సణుగుతారు. ఆయనకు వినబడదని కొందరు గట్టిగానే సణుగుతారు.

హోటల్లో పది రోజులు అంజి ఫోను బయటికి తీయలేదు. ఓం సారు కొత్త సినిమా వచ్చింది, దాన్ని కూడా తిట్టలేదు. ఆమోసన్న రోజూ వచ్చి, చాయ్ తాగి, మా పెదవులు చూసి, పోయేవాడు. పదకొండో రోజు వాడు బతిమాలినట్టు, "అన్నా, డప్పుల సారుది ఒకటి పెట్టనా," అన్నాడు.

"వద్దు. గా దినం పెట్టినవ్ సూడు, గది పెట్టు."

అంజి నా వైపు చూశాడు. పెట్టాడు. ఆమోసన్న కళ్లు మూసుకున్నాడు. పిల్లనగ్రోవి మొదలైంది. ఎవరూ నవ్వలేదు, సారక్క పొయ్యి తగ్గించింది. అర నిమిషం, ముప్పావు నిమిషం. చివరికి కింది నుంచి మృదంగం అందుకుంది.

"ఇగ వచ్చింది," అన్నాడు ఆమోసన్న కళ్లు తెరిచి. "గంతసేపు ఏం వాయించిండో చెప్పుండ్రి."

ఇన్నేళ్లు ఆ సారులందరినీ వెక్కిరించిన మాకు, ఒక్క పిల్లనగ్రోవి ఎట్లా ఉందో చెప్పడం చేతకాలేదు. అప్పుడు అంజి కుర్చీ ముందుకు జరుపుకొని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తన బొంగురు గొంతుతో ఆ బాణీని కింది స్థాయిలో తీయడం మొదలుపెట్టాడు. వాడికి పాడటం రాదు. రెండు చోట్ల తప్పి, ఒక చోట దగ్గి, ఎట్లాగో చివరిదాకా లాక్కొచ్చాడు.

ఆమోసన్న కనుబొమ్మ లేచింది. "గింత అధ్వాన్నంగ వాయించిండార, పిల్లనగ్రోవి సారు?" అన్నాడు.

"లేదన్నా," అన్నాడు అంజి, కళ్లు తుడుచుకుంటూ. "ఆయన మంచిగనే వాయించిండు."

"అయితె మళ్ల మొదటి సంది పాడు. రెండో కాడ శ్రుతి తప్పినవ్, జర సూసుకో."

అంజి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. బాయి కూత వేసింది. మేం లేవలేదు, వాడు పూర్తి చేసేదాకా కూర్చున్నాం.