నడుము దగ్గర సూది

పళ్ళెంలోకి వేడిగా ఏది వచ్చినా ఆమె ముందు చెంచాను నిలువుగా మధ్యకు దించుతుంది. తీసి పెదవికి ఆనించి చూస్తుంది. ఆ తర్వాతే తింటుంది.

"ఉడికిందే తల్లీ, ఉడికింది. నీ పరీక్ష పాసవకుండా ఈ ఇంట్లో గింజకైనా మోక్షం లేదు" అంటుంది అక్క.

ఆమెది ఆహార పరిశోధన. సీలు వేసిన డబ్బాలో తిండి చెడకుండా ఉండాలంటే ఎంతసేపు ఉడకాలి? ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచింది. డబ్బా మూతకు బెజ్జం చేసి, వేడిని కొలిచే సన్నటి సూదిని లోపలికి దించేది. ప్రయోగశాలలో అందరికీ సూదమ్మ అయింది. డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటును అక్కడ నడుము అనేవారు.

"నడుము కాగిందా?" అని ఒకరు అరిస్తే, "దానిది కాగింది, నాది విరిగింది" అని ఇంకొకరు.

నడుము కాగితే డబ్బా అంతా కాగినట్టే. కాగకపోతే అక్కడ క్రిమి బతికి ఉంటుంది. దాని విషానికి రుచి లేదు, వాసన లేదు.

చిక్కటి ముద్దల మీద ఆమె రాసిన మొదటి వ్యాసానికి మంచి పేరు వచ్చింది. పల్చటి సూపుల మీద రాసిన రెండోది, ఏ డబ్బా ఎంతసేపు ఉడకాలో చెప్పే పట్టికతో సహా, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ పుస్తకాలు చూసి మరికొందరు రాశారు. కొన్నాళ్ళకు ఆ పట్టిక ఎవరిదో చెప్పడం కూడా మానేశారు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు ఆమె లెక్కతో డబ్బాలు ఉడికించారు.

ఆమె రిటైరయ్యాక ఒక సాయంత్రం పేచీ వచ్చింది. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ఆ ప్రయోగశాలకు పెద్ద. ప్రతి మాటకూ అడ్డు ప్రశ్న వేసేదని సూదమ్మే ఆ పేరు పెట్టింది. ఇవాళ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, పసిపిల్లల సూపు ఫ్యాక్టరీ వాళ్ళు రేపు పొద్దున్నే సరుకు పంపుతున్నారు. మీ పట్టిక ప్రకారమే ఉడికించారు. ఊరికే సరిచూద్దామని కొలిచాను. కలవట్లేదు."

"ఎక్కడ కొలిచావ్?"

"నడుము దగ్గరే."

"నడుమంటే ఎక్కడే?"

పేచీ తల దించుకుంది. "మీరే వచ్చి చూడండి."

లోపలినుంచి అక్క కేకేసింది. "ఆ పిల్లను కూర్చోబెట్టవే! మొహంలో నెత్తురు చుక్క లేదు."

"ఇప్పుడే వస్తానక్కా."

"నీ 'ఇప్పుడే' నాకు కొత్తా?"

ప్రయోగశాలలో గోడవారగా మనిషి పట్టేంత ఇనప కుక్కర్. పేచీ అందులో రెండు డబ్బాలు పెట్టింది. రెండిట్లోనూ ఆ ఫ్యాక్టరీ సూపే. ఒకదాని సూది మధ్యలో ఆగింది. రెండోదాని సూది ఇంకా దిగి, అడుగుకు బొటనవేలి మందం పైన ఆగింది. తలుపు బిగించి ఆవిరి వదిలింది. బయట రెండు అంకెలు వెలిగాయి. కాసేపు కలిసి నడిచాయి. తర్వాత కింది సూదిది వెనకబడింది.

"ఈ పొడుగు సూది ఎక్కడిది?"

"నేనే చేయించాను."

"మన దగ్గర లేవూ?"

"ఎప్పుడూ లేవు మేడం. అన్నీ ఒకటే పొడవు. ముద్దల కోసం మీరు తెప్పించినవే."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. చిక్కటి ముద్దలో వేడి అన్ని వైపులనుంచీ మెల్లగా నడిమికి చేరుతుంది. పల్చటి సూపులో వేడిది అంచుల వెంట పైకి ఎగబాకుతుంది, చల్లనిది అడుగుకు జారుతుంది. ఏటా నల్లబల్ల మీద ఆమె గీసిన బొమ్మే అది. అయినా ముద్ద పోయి సూపు వచ్చినప్పుడు సూది మారలేదు. నడుము అన్నాక నడిమే అనుకున్నారు. వ్యాసంలో ఆ ముద్దుపేరు బాగుండదని కొట్టేసి, "అతి చల్లని చోటు" అని రాసింది. కొలిచింది నడిమధ్యలోనని ఎక్కడా లేదు కాబట్టి చదివినవాళ్ళకు అనుమానం వచ్చే దారి లేదు.

పట్టికలోని సమయం అయిందని గంట మోగింది. మధ్య సూది చాలినంత వేడి చూపింది. కింది సూది చూపలేదు.

"సూదుల తీగలు అటూ ఇటూ మార్చి, కొత్త డబ్బాలతో మళ్ళీ పెట్టు."

మార్చి పెట్టింది. మళ్ళీ అంతే.

"ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ ఎత్తట్లేదు" అంది పేచీ. "పొద్దున నేను మాట్లాడతాను. ఇంకాసేపు ఉడికించమంటాను. మీ పేరెందుకు మేడం? ఇన్నేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు కదా."

"కాలేదని నీకెవరు చెప్పారు?"

"చాలామంది భయానికి కాస్త ఎక్కువే ఉడికిస్తారు."

"వీళ్ళు?"

పేచీ కుక్కర్ వైపు చూస్తూ అంది. "వీళ్ళు మిమ్మల్ని నమ్మారు."

ఆవిరి బుస్సుమంటూ బయటికి పోతోంది.

"పట్టిక పట్టుకున్న ప్రతివాడి చెవిలోనూ వెళ్ళి ఊదుతావా?" అంది సూదమ్మ. "ప్రతిదానికీ పేచీ పెట్టేదానివి, ఇవాళేమైందే నీకు?"

మర్నాడు కాపలావాడు గేటు తీసేసరికి ఆమె ఫ్యాక్టరీ ముందు నిలబడి ఉంది. లారీ సగం నిండింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"మీ పట్టికే కదమ్మా గోడకు అంటించుకున్నాం!"

"నాదే. తప్పు కూడా నాదే. డబ్బాలు దింపించండి."

చివరి పెట్టె దిగేదాకా లారీ పక్కనుంచి కదల్లేదు. తర్వాత లోపలికి వెళ్ళి గోడమీది పట్టిక చించేసింది. అక్కడి ఫోన్ నుంచే తన రెండో వ్యాసం వేసిన పత్రిక సంపాదకుడిని పిలిచి, అది తప్పనీ, ఆ మాట తన పేరుతోనే అచ్చు వేయాలనీ చెప్పింది.