సంజీవని పుల్ల కోసం జెముడుకాకి గూటికి

నా చిన్నప్పుడు, మా చెల్లెలు జ్వరంతో చనిపోయిన వానాకాలంలో, నేనొక జెముడుకాకి పిల్ల కాళ్లకు తీగ కట్టాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మాదాపూర్ ఆ రోజుల్లో బండల మధ్య చిన్న ఊరు. నాన్న సైకిలు మీద బాలానగర్‌లోని ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. పిలిస్తే పలికేది కాదు, పెడితే తినేది కాదు. నాకూ ఏడుపు రాలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టుండేది. కాలికి ముల్లు దిగినా నెత్తురు చూశాకే తెలిసేది.

జెముడుకాకి పిల్లను కట్టేస్తే తల్లి ఎక్కడినుంచో సంజీవని పుల్ల తెస్తుందని బావి దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ పుల్ల తాకితే ఇనుము తెగిపోతుందట, చావబోయే మనిషైనా లేచి కూర్చుంటాడట. అమ్మ కోసం అది కావాలనుకున్నాను. నాన్న సంచిలోంచి సన్నని తీగ తీసుకుని, బండల వెనక ఈత పొదలో గూడు వెతికి పట్టుకున్నాను. అందులో ఉన్న ఒక్క పిల్లకు రెండు కాళ్లూ కలిపి తీగ చుట్టాను. అది అరిచింది. నాకేమీ అనిపించలేదు.

రోజూ పొద్దున్నే వెళ్లి గూట్లో చెయ్యిపెట్టి తడిమేదాన్ని. అన్నీ మామూలు పుల్లలే. మూడో రోజు, మేకలు కాసే పక్కింటి అవ్వ నన్ను చూసింది. జరిగింది చెప్పాను. తిట్టలేదు. బండ చాటుకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"సప్పుడు జెయ్యకు. జర సేపు సూడు," అంది.

చాలాసేపటికి తల్లి వచ్చింది. కాకంత పిట్ట, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. గూటి మీదికి ఎగిరి రాలేదు. దూరంగా గడ్డిలో దిగి, ఆగుతూ, నక్కుతూ, పొదల అడుగున నడిచి వచ్చింది. నోట్లో బల్లి. పిల్లకు పెట్టి వెళ్లిపోయింది. కాసేపటికి గొంగళిపురుగుతో మళ్లీ వచ్చింది.

"దానికి ఏ మందు తెల్వదు బిడ్డా. పిల్లకేమైందో గూడ సమజ్ గాలె. తిండి తెస్తున్నది, గంతే," అంది అవ్వ.

తీగ అవ్వే విప్పింది. ఒక కాలు వాచి ఉంది.

"బతుకుతదా?" అన్నాను.

"ఏమో."

అవ్వ జొన్నరవ్వతో వండి ఇచ్చిన గట్క ఇంటికి తెచ్చి అమ్మ పక్కన పెట్టాను. కదల్లేదు. సాయంత్రం మళ్లీ పెట్టాను. మర్నాడూ పెట్టాను. ఎన్నో రోజో గుర్తులేదు, అమ్మ లేచి రెండు ముద్దలు తిని, "నువ్వు తిన్నవా?" అని అడిగింది. తినలేదని అప్పుడు తెలిసింది నాకు.

తర్వాత వెళ్లి చూస్తే గూడు ఖాళీగా ఉంది. పిల్ల ఎగిరిపోయిందో, పాము మింగిందో తెలియదు. దాని కోసం, చెల్లెలి కోసం నాకు ఏడుపొచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత, నా కూతురికి మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు.

చావు జరిగిన ఇంటికి వెళ్తే ఓదార్చే మాటలు నాకిప్పటికీ రావు. ఏదో ఒకటి వండి పట్టుకెళ్లి, పక్కన పెట్టి కూర్చుంటాను. ముట్టకపోతే గిన్నె వెనక్కి తెచ్చుకుని, మర్నాడు మళ్లీ వెళ్తాను.